నా నెత్తిన వెలిగించిన కర్పూరం

నేను ఒక పెట్టెను. నన్ను దొంగ అన్న మనిషి పేరు పామిశెట్టి చౌడప్ప. ధర్మవరంలో పట్టుచీరల షావుకారు. మనిషి పొట్టి, మాట మెత్తన. మెత్తగా మాట్లాడేవాళ్లను నేను నమ్మను. గట్టిగా అరిచేవాడు ఏం చేయబోతున్నాడో ముందే చెబుతాడు, మెత్తనివాడు చేశాక చెబుతాడు. ఆయన పేరు ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, పోనుపోను మీరు నా మాట కంటే ఆయన మాటే నమ్ముతారేమోనని నాకు అనుమానం. మనుషులు మనుషులనే నమ్ముతారు. చూశాను కదా.

నా పని ఏమిటో చెబుతాను. రెండు కంప్యూటర్లు ఉండి, చూడ్డానికి తెర ఒకటే, కొట్టడానికి కీబోర్డు ఒకటే, తిప్పడానికి మౌసు ఒకటే ఉన్నచోట నాకు పని. నా మొహాన ఒక బొత్తాం, దాని పక్కన ఒకటి, రెండు అని రెండు బుల్లి దీపాలు. వీపున వైర్లు. బొత్తాం నొక్కితే తెరా, కీబోర్డూ, మౌసూ మొదటి కంప్యూటర్‌కు చుట్టాలవుతాయి. మళ్లీ నొక్కితే దాన్ని వదిలేసి రెండోదానికి చుట్టాలవుతాయి. అంతే. ఒకదాంట్లోని సరుకు ఇంకోదాంట్లోకి మోసుకుపోవడం నాకు చేతకాదు. మోసుకుపోదామన్నా దాచుకోవడానికి నా కడుపులో చోటు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నా తగువంతా దీని మీదే.

పుట్టింది ఎక్కడో నాకు తెలియదు. అట్టపెట్టె మీద రాసి ఉందట. లోపల పడుకున్నవాడికి పైన ఏం రాశారో ఎలా తెలుస్తుంది? గుర్తున్నదల్లా ఒక అమ్మాయి వేలు. నన్ను బిగించాక బొత్తాం నొక్కింది. దీపం మారింది. నమ్మలేదు, మళ్లీ నొక్కింది. మళ్లీ మారింది. అయినా మొహం చిట్లించుకునే నన్ను పక్కకు తోసింది. పుట్టీ పుట్టగానే అనుమానం. ఆ జాతకం ఇంక మారలేదు.

బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు గుట్టలు పోసి అమ్మే ఒక సందులో ఓబులేసు నన్ను చూశాడు. సంచి చంకలో గట్టిగా పట్టుకుని, దుకాణం దుకాణానికీ ఇది దొంగ సరుకేమోనని అడుగుతూ వచ్చాడు.

"అన్నా, ఒగదాంట్లో ఉండేది ఇంగోదాంట్లోకి పోదు గదా?"

"ఎల్లిగె పోతాది సార్? కాళ్లున్నాయా దీనికి?" అన్నాడు దుకాణంవాడు, కన్నడమూ తెలుగూ కలిపి.

"కాళ్లు లేనివే కదన్నా శానా దూరం పోయేది. మాటలకు కాళ్లుండాయా?"

దుకాణంవాడు దండం పెట్టి నన్ను సంచిలో వేశాడు. బస్సులో దారి పొడుగునా ఓబులేసు సంచిలో చెయ్యి పెట్టి నన్ను తడుముకుంటూనే ఉన్నాడు. ప్రేమ అనుకున్నాను. ఉన్నానా లేదా అని చూసుకోవడమట.

ఓబులేసు సంగతి చెప్పాలి. ఏడో తరగతిలో బడి మానేసి గుంతమగ్గంలోకి కాళ్లు దింపినవాడు. పొద్దస్తమానం గుంతలో కాళ్లు వేలాడేసి తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. అప్పుడు ఎవరినో బతిమాలి కంప్యూటర్లో చీరల అంచులు గీయడం నేర్చుకున్నాడు. తెర నిండా చిన్నచిన్న గళ్లుంటాయి. ఏ గడి నింపితే ఆ పోగు లేస్తుంది, వదిలేస్తే పడుకుంటుంది. అలా నింపిన బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద కడితే, నేసేవాడి తలతో పనిలేకుండా చీరలో హంసలూ ఏనుగులూ వచ్చేస్తాయి. ఓబులేసు ఇంటి వసారాలో ఒక బల్ల వేసుకుని ఈ పని పెట్టుకున్నాడు. వసారాలో ఈ పని నిలబడితే ఆయన తన ఇంట్లో తాను కుర్చీ మీద కూర్చునే మనిషి. పోతే మళ్లీ గుంతే. ఆయన భార్య సుంకులమ్మ ఈ మాట అన్నంతోపాటు రోజూ వడ్డించేది.

ఆ ఊళ్లో కొత్త అంచు అంటే పెళ్లికాని పిల్ల లాంటిది. బయటికి వచ్చేదాకా ఎవరి కంటా పడకూడదు. మొదటి చీర అంగట్లో వేలాడగానే పదిమంది దాన్ని ఫోటో తీసుకుపోయి దించేస్తారు. అందుకని షావుకారు తన అంచును తన సొంత కంప్యూటర్లోనే గీయిస్తాడు. గీసేవాడికి కంప్యూటర్ ఇస్తాడు, గీసింది బయటికి తీసుకునే తాళంచెవి మాత్రం ఇవ్వడు. ఓబులేసుకు ఇద్దరు షావుకార్లు. ఒకరు చౌడప్ప. ఇంకొకరు జింకా పుల్లక్క. పుల్లక్క మొగుడూ చౌడప్పా ఒకప్పుడు కలిసి వ్యాపారం చేశారు. మొగుడు పోయాక మగ్గాల పంపకంలో మాటామాటా వచ్చి, ఇద్దరూ ఎదురుపడితే రోడ్డుకు చెరోవైపు చూస్తారు. ఇద్దరి కంప్యూటర్లూ మాత్రం ఓబులేసు బల్ల కింద పక్కపక్కనే, అత్తాకోడళ్లలాగా.

మొదట్లో తెరలు కూడా రెండుండేవట. చౌడప్ప వస్తే ఓబులేసు పుల్లక్క తెర మీద తువ్వాల కప్పేవాడు. పుల్లక్క వస్తే చౌడప్ప తెర మీద కప్పేవాడు. తువ్వాల చూసేసరికి ఇద్దరికీ అనుమానం ఇంకా ఎక్కువైంది. "కప్పినావంటే ఏదో ఉండాదనే గదా?" అనేవాళ్లు. ఇంతలో కరెంటు ఎక్కువ వచ్చి పుల్లక్క తెర కాలిపోయింది. కొత్తది ఆమె కొననంది, దాంట్లో చౌడప్ప తన బొమ్మలు చూసుకుంటాడేమోనని. మిగిలిన తెర చౌడప్ప పనికి వాడేదే గానీ, డబ్బు పెట్టి కొన్నది ఓబులేసు. దాన్నే ఇద్దరికీ తిప్పడానికి నన్ను తెచ్చాడు.

నేను బల్ల ఎక్కిన రోజునే చౌడప్ప వచ్చాడు. వంగి నా వీపు చూశాడు. ఆయన కంప్యూటర్ నుంచి ఒక వైరు, పుల్లక్క కంప్యూటర్ నుంచి ఒక వైరు, రెండూ నాలోకే.

"ఏమప్పా ఓబులేసా, రెండు బావులకూ ఒగటే కాలవ తవ్వినావే?"

"కాలవ గాదు మామా. ఇది గేటు. ఒగటి తెరిస్తే ఇంగోటి మూసుకుంటాది."

"గేటు కాడ నిలబడినోడే గదా దొంగకు తలుపు తీసేది." మెత్తగా నవ్వాడు. "సరేలే. ప్రమాణం చెయ్యి. కర్పూరం ఆర్పు."

కర్పూరం ఆర్పడమంటే మీకు తెలిసే ఉంటుంది. దేవుడి ఎదుట కర్పూరం వెలిగించి, నేను తప్పు చేయలేదని చెప్పి, చేత్తో ఆ మంట ఆర్పాలి. అబద్ధం చెప్పినవాడి ఇంటి దీపం కూడా అలాగే ఆరుతుందని నమ్మకం. ఓబులేసు చౌడమ్మ గుడికి పోదామని లేచాడు. చౌడప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుడి దాకా యాల? దొంగతనం జరిగితే ఈ పెట్టెలోంచే జరగాల. ప్రమాణమూ దీని మీదనే."

నా నెత్తిన, సరిగ్గా దీపాల పైన, కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించారు. ప్రమాణం చౌడప్ప చెబుతాడు, ఓబులేసు పలుకుతాడు. చౌడప్ప అంచులు గానీ, కొంగులు గానీ, పువ్వు గానీ, పువ్వులో సగం గానీ, పుల్లమ్మకు గానీ, ఆమె చుట్టాలకు గానీ... రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు చదివినట్టు చదువుతూనే ఉన్నాడు. నా నెత్తి మెత్తబడింది. సుంకులమ్మ లోపలి నుంచి ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏమి కంపు ఇది? అయ్యో, పెట్టె కరిగిపోతాంది, ఊదండి!"

"నోటితో ఊదితే పాపం తల్లీ. ఎంగిలి," అన్నాడు చౌడప్ప. "ఇంగొక రొంత ఉండాది, పలుకు ఓబులేసా."

ఓబులేసు ఆర్పేసరికి మొదటి దీపం కన్ను మూసుకుపోయింది. కరిగిన ప్లాస్టిక్ కారి దాని మీద గడ్డకట్టింది.

సరే, ఒక కన్ను మిగిలింది కదా అనుకున్నాను. రెండోది వెలిగితే రెండు, వెలగకపోతే ఒకటి. పని నడిచేది. కానీ ఆ ఊళ్లో ప్రమాణం కూడా పొగలాంటిదే, ఒక ఇంట్లో పుడితే ఇంకో ఇంట్లో దగ్గు వస్తుంది. పుల్లక్క వచ్చింది. ఎత్తు మనిషి, గుమ్మంలోంచే గొంతు.

"చౌడప్పకు కర్పూరం ఆర్పితివంట. నాకు గావల్ల నా ప్రమాణం."

"అక్కా, ఒగసారి చేసినాక ఇద్దురికీ సరిపోదా?"

"ఆయప్ప అన్నం తింటే నా కడుపు నిండుతాదా ఓబులేసా?"

ఓబులేసు అగ్గిపెట్టె తెచ్చాడు. రెండో బిళ్ల వెలిగింది. పుల్లక్క ప్రమాణం పొట్టిదే గానీ బిళ్ల పెద్దది. నా రెండో కన్నూ పోయింది. బొత్తాం ఒక పక్కకు ఒరిగింది. ఆ తర్వాత నొక్కితే 'టిక్' మనేది గానీ, కొన్నిసార్లు ఆ టిక్కు వట్టి టిక్కే. గేటు అక్కడే ఉండిపోయేది. నేనేం చేయను? నేను నమ్మకంగా ఉండాలనే నన్ను కాల్చారు, కాల్చాక నమ్మదగకుండా పోయాను. ఇద్దరికీ ఇందులో భాగం ఉందని అప్పుడూ ఎవరూ అనలేదు, ఇప్పుడూ అనరు.

దీపాలు పోయినా ఓబులేసుకు ఇబ్బంది అనిపించలేదు. చౌడప్ప కంప్యూటర్ తెరిస్తే చౌడమ్మ బొమ్మ, పుల్లక్కది తెరిస్తే వెంకటేశ్వరస్వామి. దేవుణ్ణి చూసి మనిషిని గుర్తుపట్టేవాడు. కానీ అంచు గీసే కాగితం తెర నిండా తెరిచాక ఏ దేవుడూ కనిపించడు. అంతా తెల్లటి గళ్లే.

ఒక పొద్దున పుల్లక్క శనక్కాయ చెట్టును వేళ్లతో పీక్కొచ్చి బల్ల మీద పడేసింది. మట్టి కీబోర్డు నిండా రాలింది.

"నెమళ్లూ హంసలూ సూసి సూసి ఆడోళ్లకు ఇసుగొచ్చింది. ఇది గీయి. ఆకులు పైన, కాయలు కింద. కట్టుకున్నామె నడుస్తాంటే కాయలు నేల మీద ఊగల్ల."

"శనక్కాయలా అక్కా? పట్టుచీరకా?"

"ఏం? మన జిల్లాలో పెండ్లిండ్లు యేటితో జరిగినాయి ఇన్నాళ్లూ? హంసలతోనా?"

ఓబులేసు నవ్వాడు, చెట్టును మానిటర్‌కు ఆనించి నిలబెట్టాడు. నన్ను నొక్కాడు. టిక్. వట్టి టిక్. తెర నిండా ముందే తెరిచిన తెల్లటి గళ్లుండేసరికి, రెండు మీద ఉన్నాననుకున్నాడు. ఒకటి మీదే ఉన్నాడు. పచ్చి చెట్టును ఎదురుగా పెట్టుకుని, విప్పారిన ఆకూ, జంట కాయా, కాయ మీది గీతలూ వదలకుండా, పుల్లక్క అంచును చౌడప్ప కంప్యూటర్లో గీశాడు. నేను చూస్తూనే ఉన్నాను. అరవడానికి నాకున్నది ఆ రెండు దీపాలే, అవీ కర్పూరానికి పోయాయి.

ఆయన సుంకులమ్మ పిలిస్తే భోజనానికి లోపలికి పోయాడు. అంతలో చౌడప్ప బామ్మర్ది కుళ్లాయప్ప వచ్చాడు. కొత్తగా ఏది గీసుంటే అది తెమ్మని బావ చెప్పాడు. తమ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి, అన్నింటికంటే కొత్తది తీసుకుని పోయాడు. వాడి తప్పు లేదు. వాడు తమ కంప్యూటర్లోంచి తమ సరుకే అనుకుని తీసుకున్నాడు.

మర్నాడు ఓబులేసు నన్ను నొక్కితే గేటు సరిగ్గానే తిరిగింది. పుల్లక్క కంప్యూటర్లో వెతికాడు. శనక్కాయలు లేవు.

"తినేసినాది మిషను," అన్నాడు.

"శనక్కాయలు గదా," అంది సుంకులమ్మ, "నువ్వే తిన్యావేమో సూసుకో."

మళ్లీ గీశాడు. అప్పటికి చెట్టు వాడిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి, కాయలు ముడతలు పడ్డాయి. ఓబులేసు చూసిందే గీసే మనిషి. ముడుచుకున్న ఆకులే గీశాడు. పుల్లక్క చూసి ఏదో వెలితిగా ఉందే అనుకుంటూనే మగ్గం ఎక్కించింది.

చౌడప్ప దగ్గర మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఆయన చీర ముందు దిగింది.

ఇక తగువు. పుల్లక్క ఒక చీరను చంకలో పెట్టుకుని వసారా ఎక్కింది.

"ఓబులేసా, ఇది యెవురి చీర?"

ఆయన అంచు చూశాడు. "నీదే గదక్కా."

"నాది ఇంగా మగ్గం దిగలేదు. ఇది చౌడప్ప అంగట్లో వేరేవాళ్లతో కొనిపిచ్చినా."

ఓబులేసు చీర లాక్కుని అంచు తిప్పి తిప్పి చూశాడు. సుంకులమ్మ గడపలో కూలబడింది. "అమ్ముకున్యావా? అమ్ముకోనుంటే నాతో అన్నా చెప్పి సావగూడదా? మల్లా గుంతలోకి దిగుతావా ఆ మోకాళ్లతో?"

"నేను అమ్ముకోలేదే! కర్పూరం ఆర్పినాను!"

"కర్పూరం ఆర్పినోళ్లంతా నిజాయితీపరులైతే ఊర్లో కర్పూరం దొరకదు," అంది పుల్లక్క.

కబురు పోయింది. చౌడప్ప బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇద్దరూ ఒకే చూరు కింద నిలబడ్డారు. అప్పటికీ ఒకరినొకరు చూసుకోకుండా, ఇద్దరూ ఓబులేసును చూసే మాట్లాడారు.

"నా మిషన్లో ఉండేది నాది గాక యెవురిది?" అన్నాడు చౌడప్ప. "మావోడు నా మిషన్లోంచే తెచ్చినాడు."

"ఓబులేసా, ఆయప్పకు చెప్పు. చెట్టు పీక్కొచ్చి ఈ బల్ల మీద పడేసింది నేను. ఆయప్ప జన్మలో కలుపన్నా తీసినాడా?"

"శనక్కాయ తెలీడానికి కలుపు తీయల్లనా ఓబులేసా? బస్టాండులో పొట్లం కొంటే సాలదా?"

"అయితే రెండూ తెర మీదకు తీయి," అంది పుల్లక్క. "ఏది సూసి ఏది గీసినారో తెలిసిపోతాది."

ఓబులేసు చౌడప్పది తీశాడు. విప్పారిన ఆకులు, నిండు కాయలు. నన్ను నొక్కాడు. టిక్. తెర మారలేదు. అవే విప్పారిన ఆకులు. మళ్లీ నొక్కాడు. టిక్. ఈసారి మారింది. ముడుచుకున్న ఆకులు, వడలిన కాయలు.

"సూడండి," అన్నాడు చౌడప్ప మెత్తగా. "అసలు ఏదో నకలు ఏదో పసిపిల్లోడు గూడా చెప్తాడు."

పుల్లక్క తెర దగ్గరికి వంగి చూసింది. చెట్టు తనదే అయినా, తన అంచే దొంగ అంచులా నిలబడింది ఎదుట.

అందరూ తెర చూస్తున్నారు. ఓబులేసు మాత్రం నన్ను చూస్తున్నాడు. ఆయన బొటనవేలు నా బొత్తాం మీద నుంచి మెల్లగా జరిగి కాలిన మచ్చ మీదికి వచ్చింది. మచ్చను తడిమింది. మూసుకుపోయిన నా రెండు కళ్లనూ తడిమింది. అక్కడే ఆగింది. అప్పుడు ఆయనకు అర్థమైంది. ఒట్టేసి చెప్పలేను గానీ నాకు గట్టి అనుమానం. ఇప్పుడు చెబుతాడు, మీరు కాల్చినందువల్లే ఇదంతా అని చెబుతాడు, నేనూ ఆయనా ఇద్దరం బయటపడతాం అనుకున్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ పెట్టె మీద నాకు మొదట్నించీ అనుమానమే," అన్నాడు.

ఎందుకన్నాడో నేను తర్వాత చాలా ఆలోచించాను. నిజం చెబితే, ఒక పొద్దంతా ఎవరి కంప్యూటర్లో గీస్తున్నాడో తెలియకుండా గీశానని ఒప్పుకోవాలి. అలాంటివాడికి అంచు ఎవరిస్తారు? పైగా ఇద్దరు షావుకార్ల మొహాన, మీ ప్రమాణమే ఈ పని చేసిందని అనాలి. అన్నం పెట్టేవాళ్లను అలా ఎవరంటారు? నన్నంటే నష్టం లేదు. నాకు చుట్టాలు లేరు.

చౌడప్ప వంగి నా వీపు చూశాడు. "నేను ఆ పొద్దే అంటి. రెండు బావులకూ ఒగటే కాలవ అని. ఇది దొంగది. ఇటుదాన్ని అటు తోసింది."

"అటుదాన్ని ఇటు రానియ్యలేదే మల్లా?" అంది పుల్లక్క. ఆ మాట తిన్నగా చౌడప్పతోనే అంది. ఆమెకే తెలియలేదు.

"దొంగది గదమ్మా పుల్లమ్మా. దానికి న్యాయమా?" ఆయనా తిన్నగా ఆమెతోనే అన్నాడు.

ఇద్దరికీ నవ్వు వచ్చింది. సుంకులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మజ్జిగ తెచ్చింది. కుళ్లాయప్ప రెండు గ్లాసులు తాగాడు. ఒకరి మీద ఒకరు పెంచుకున్న అనుమానమంతా తీసుకొచ్చి నా నెత్తిన పోశారు. మనిషికీ మనిషికీ మధ్య సంధి కుదరాలంటే మధ్యలో ఎవడో ఒకడు దొంగ కావాలి. నేను దొరికాను.

తీర్పు జరిగింది. శనక్కాయల అంచు ఇద్దరూ నేసుకోవచ్చు, మూడోవాడికి ఇవ్వకూడదు. కంప్యూటర్లు మాత్రం ఎవరిది వాళ్ల ఇంటికి. ఓబులేసు ఒకరోజు చౌడప్ప ఇంట్లో, ఒకరోజు పుల్లక్క ఇంట్లో కూర్చుని గీయాలి.

"మరి తెర?" అన్నాడు ఓబులేసు.

"తెర నీది గదప్పా, నువ్వే తెచ్చుకో," అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

ఇప్పుడాయన మోపెడ్ మీద పోతున్నాడు. వెనక సుంకులమ్మ పాతచీరలో చుట్టిన తెరను చంటిబిడ్డలా ఒళ్లో పట్టుకుని కూర్చుంటుంది. సంచిలో కీబోర్డూ, మౌసూ. ఒకరోజు ఒకటో ఇల్లు, ఒకరోజు రెండో ఇల్లు. ఈ ఇంట్లో చూసింది ఆ ఇంట్లో చెప్పకూడదు. గడప దాటేటప్పుడు చొక్కా జేబులు చూపించాలి. నేను చేసిన పనే ఇప్పుడాయన చేస్తున్నాడు, నాకంటే నిదానంగా, పెట్రోలు పోసుకుని. గుంతలోకి దిగలేదు, నిజమే. కానీ తన ఇంట్లో తన కుర్చీ మీద కూర్చునే మనిషి కాదు ఇప్పుడు. ఆ బల్ల మీద సుంకులమ్మ బియ్యం మూటలు పెట్టింది. నా మీద కోపం పోయి జాలి పుట్టి ఉంటుందేమో ఆయనకు, ఒకసారి నన్ను చేతిలోకి తీసుకుని ఏదో చెప్పబోయాడు. చెప్పలేదు. పాతసామాన్లవాడు వచ్చినప్పుడు పుల్లక్క కాలిపోయిన తెరతో కలిపి నన్నూ ఇచ్చేశాడు.

పాతసామాన్లవాడు నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదైనా దాచి ఉంటుందని వాడి అనుమానం. ఏమీ మోగలేదు. నా కడుపులో ఏమీ లేదని ఇంతకాలానికి పరీక్ష చేసింది వాడొక్కడే, వాడు సాక్షికి రాడు.

రేకులగుట్ట మీద విరిగిన ఫ్యాను రెక్కకూ, తుప్పు పట్టిన నీళ్ల మోటారుకూ మధ్య పడి ఉన్నాను. ఇక్కడ ఎవరూ ఎవరినీ అనుమానించరు. ఎవరి దగ్గరా ఏమీ లేదు గనక. మోటారు ఒకరోజు అడిగింది, నీకేం పోయిందయ్యా, కుర్చీ పోయింది ఓబులేసుకు, అంచు పోయింది పుల్లక్కకు, నీకేం పోయిందని ఇంత ఏడుపు అని. చెప్పాను. నాకు పోయిన ఆస్తి ఇదీ, ఎవరైనా కోర్టుకు పోయేవాడుంటే దస్తావేజులా రాసుకుపోవచ్చు.

ధర్మవరం టౌనులో, ఓబులేసు ఇంటి వసారాలో, ఉత్తరపు గోడకు ఆనించిన బల్ల మీద నా స్వాధీనంలో ఉండిన జాగా. హద్దులు: తూర్పున మౌసు, పడమర కీబోర్డు, ఉత్తరాన గోడ, దక్షిణాన ఓబులేసు మోచెయ్యి. ఈ నాలుగు హద్దుల మధ్య, వైర్ల దారితో సహా, జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు.